పాబ్లో ఎస్కోబార్ కొడుకు మాటలు మనం వినాలా?

మండువాలోగిలి
నిన్న రాత్రి కొలంబియా కొకైన్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ కొడుకు ఇచ్చిన ఒక పెద్ద ముఖాముఖి చూశాను. మనిషి మర్యాదగా మాట్లాడతాడు. తండ్రి చేసినవాటికి క్షమాపణ అడుగుతాడు. మాదకద్రవ్యాల జోలికి పోవద్దని కుర్రవాళ్లకు చెబుతాడు. అంతా బాగానే ఉంది కానీ చూస్తున్నంతసేపూ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. 1989 నవంబరు 27న బొగోటా నుంచి కాలి నగరానికి వెళ్తున్న ఏవియాంకా విమానాన్ని బాంబు పెట్టి పేల్చారు. అందులో ఉన్న 107 మందీ పోయారు. వాళ్లలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? పేల్చిన ముఠా నాయకుడి కొడుకు పేరు మాత్రం ప్రపంచమంతా తెలుసు. పుస్తకాలు రాశాడు, దేశదేశాల్లో ఉపన్యాసాలిస్తాడు, తండ్రి గుర్తింపు కార్డు బొమ్మ వేసిన చొక్కాలు కూడా అమ్మాడు. తండ్రి పాపం కొడుక్కి అంటదంటారు, ఒప్పుకుంటాను. మరి ఆ పాపం పేరు చెప్పి వచ్చే రాబడి? నాకు ఇది సబబుగా తోచడం లేదు. మీరేమంటారు?

పునుగుల బండి
చొక్కా ధర ఎంత? కొనడానికి కాదు, ఊరికే అడుగుతున్నాను.

లెక్కల మాస్టారు
మండువాలోగిలి గారూ, ముందు వయసులు చూడండి. 1984 ఏప్రిల్ 30న న్యాయశాఖ మంత్రి రోడ్రిగో లారా బోనియాను చంపించినప్పుడు ఈ అబ్బాయికి ఏడేళ్లు. ఆ హత్య తర్వాత కుటుంబం పనామా పారిపోయింది. 1988 జనవరిలో మెడెలిన్‌లో వాళ్లు ఉండే మొనాకో భవనం దగ్గర శత్రువులు కారు బాంబు పేల్చారు. తల్లీ పిల్లలూ లోపల నిద్రలో ఉన్నారు. చిన్నపిల్ల చెవి దెబ్బతింది. తండ్రి చనిపోయేనాటికి అబ్బాయికి పదహారు. ఇందులో అతను ఎంచుకున్నది ఏముంది?

తుంగభద్ర
పదహారేళ్లవాడు మరీ పసివాడేమీ కాదు మాస్టారూ. తండ్రి పోయిన రోజు విలేఖరితో ఫోనులో అందరినీ చంపేస్తానని అన్నది ఈ అబ్బాయే.

లెక్కల మాస్టారు
అన్నాడు. కొద్ది నిమిషాలకే మళ్లీ ఫోను చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అందరూ మొదటి ఫోను గురించే చెబుతారు. నాకు రెండోదే ముఖ్యం. తండ్రి శవం ఇంకా ఇంటికప్పు మీద ఉండగా పదహారేళ్లవాడు ఆ మాట వెనక్కి తీసుకోవడం చిన్న సంగతి కాదు.

పునుగుల బండి
నాకు పదహారేళ్లప్పుడు మా నాన్న సైకిలు తాళం దాచేశాడని మూడు రోజులు అన్నం మానేశాను. చంపేస్తాననలేదు, అది నిజం.

అర్ధరాత్రి రైలు
ఎస్కోబార్ బతికున్న రోజుల కంటే చనిపోయిన తర్వాతి ఏడాది నాకు ఎక్కువ ఆసక్తి. సినిమాలూ సీరియళ్లూ అన్నీ ఆ ఇంటికప్పు దగ్గర ఆగిపోతాయి. అసలు పీకులాట అక్కడే మొదలైంది.

1993 నవంబరు చివర్లో భార్యాపిల్లలు జర్మనీ విమానం ఎక్కారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆశ్రయం ఇవ్వకుండా అట్నుంచి అటే తిప్పి పంపారు. తిరిగొచ్చాక బొగోటాలో టెకెండామా హోటల్లో సాయుధ కాపలా మధ్య ఉంచారు. ప్రభుత్వం దృష్టిలో వాళ్లు ఎర కూడా. పెళ్లాం పిల్లలతో మాట్లాడకుండా ఎస్కోబార్ ఉండలేడని అందరికీ తెలుసు. డిసెంబరు 1న అతనికి 44 ఏళ్లు నిండాయి. మర్నాడు కొడుకుతో ఫోనులో మాట్లాడుతుండగా జాడ పట్టేశారు. మెడెలిన్‌లోని లాస్ ఒలివోస్ పేటలో ఇంటికప్పు మీద కాల్చి చంపారు.

అప్పటికి భార్య మరియా విక్టోరియా హెనావోకు 33 ఏళ్లు. మొగుడు పోయాడు, పోలీసులు శాంతించారు, కానీ శత్రువులైన కాలి నగరపు ముఠా, లాస్ పెపెస్ అనే ప్రతీకార దళం శాంతించలేదు. ఎస్కోబార్ మీద తాము చేసిన యుద్ధానికి అయిన ఖర్చు ఇమ్మని ఆమెను అడిగారు! ఆమె వాళ్ల దగ్గరికే వెళ్లి కూర్చుంది. భవనాలు, పొలాలు, కళాఖండాలు ఒక్కొక్కటిగా వదులుకుంది. వాళ్ల చివరి కోరిక కొడుకు ప్రాణం, పెద్దవాడయ్యాక పగ తీర్చుకుంటాడని. ఆ అబ్బాయి తనే కాలి నగరానికి వెళ్లి వాళ్ల ఎదుట నిలబడి, ఈ వ్యాపారంలోకి రానని మాటిచ్చాక వదిలేశారు. వెళ్లే ముందు వీలునామా రాసుకున్నాడట. పదిహేడేళ్లకు వీలునామా!

తుంగభద్ర
ఈ ఒక్క ముక్క నాకు బాగా అర్థమవుతుంది. మాది ఫ్యాక్షన్ ఊరు. హతుడి కొడుకును బతకనిస్తే ఇరవై ఏళ్లకు తిరిగొస్తాడనే భయం మా తాతల కాలం నుంచీ ఉంది. అందుకే తల్లులు మగపిల్లలను దూరపు హాస్టళ్లలో వేసి, సెలవులకు కూడా మేనమామల ఊరికే పంపేవాళ్లు. నా తరగతిలో అలాంటి పిల్లవాడు ఒకడుండేవాడు. ఇంటి పేరు అడిగితే చెప్పేవాడు కాదు. ఇప్పుడు బెంగళూరులో లెక్కలు రాసుకుంటూ హాయిగా ఉన్నాడు. ఊరికి మాత్రం రాడు.

అయినా నా మొదటి మాట మార్చుకోవడం లేదు. హాయిగా ఉండాలంటే నోరు మూసుకుని ఉండాలి. ఇతను మూసుకోలేదు కదా.

శారదత్తయ్య
నాయనా తుంగభద్రా, నోరు మూసుకునే ఉన్నారు కదా అయిదారేళ్లు. ఏమైంది? కొలంబియా ప్రభుత్వమే 1994లో వాళ్లకు కొత్త పేర్లు ఇచ్చింది. ఒక్క దేశం రానివ్వలేదు. మొజాంబిక్ దాకా పోయారు. అక్కడ అంతర్యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. ఉండలేక కొద్ది రోజులకే వచ్చేశారు. అర్జెంటీనాకు పర్యాటకుల వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోయారు. పిల్లలు బడికి వెళ్లారు, అబ్బాయి చదువుకుని ఆర్కిటెక్టు అయ్యాడు. ఆ ఇంట్లో పాత పేరు పలకకూడదు. 1999లో వాళ్ల లెక్కలు చూసే మనిషికి వీళ్లెవరో తెలిసిపోయింది. డబ్బిస్తావా చెప్పేయనా అని మొదలుపెట్టాడు. ఆమె లొంగలేదు. ఆ గొడవతోనే గుట్టు రట్టయి, పోలీసులొచ్చి తల్లీకొడుకులను పట్టుకెళ్లారు. ఆమెను ఏడాదిన్నర జైల్లో ఉంచారు. చివరికి కోర్టులో నేరం రుజువు కాక వదిలేశారు. అప్పటి నుంచే మాట్లాడుతున్నాడు కుర్రవాడు. దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి.

మండువాలోగిలి
శారదత్తయ్యా, మీరు చెప్పినదంతా ఒప్పుకుంటే ఆ తల్లి మీద జాలి పడాలి. నాకు అంత సులువుగా జాలి రావడం లేదు. మొగుడు ఏం చేస్తున్నాడో తెలియకుండానే డాలీ అనే చిత్రకారుడు గీసిన బొమ్మలు కొని గోడలకు తగిలించుకుందా?

శారదత్తయ్య
తెలియదని నేనెప్పుడన్నానమ్మా? తెలుసు. తెలిసీ ఉంది. పదిహేనేళ్ల పిల్ల, పాతికేళ్లు దాటినవాడిని కట్టుకుంది, 1976లో. ఇంట్లోవాళ్లు వద్దంటే లేచిపోయి మరీ చేసుకుంది. ఊహ పూర్తిగా తెలియకముందే అతని చేతిలో పడింది. తర్వాత ఊహ తెలిసింది, విలాసాలూ అలవాటయ్యాయి. ఈ రెండూ నిజమే. మీకు ఒకటే కావాలి, నాకు రెండూ కనబడుతున్నాయి. 2018లో తన పుస్తకం రాసినప్పుడు బాధితులను బహిరంగంగా క్షమాపణ అడిగింది. ఆలస్యమే, కాదనను.

పునుగుల బండి
బాంబు పేలినా ఆ డాలీ బొమ్మ చెక్కుచెదరలేదని చదివాను. మా ఇంట్లో క్యాలెండరు ఫ్యాను గాలికే చిరిగిపోతుంది.

దూరదేశి
పని మీద మెడెలిన్‌లో కొంతకాలం ఉన్నాను. అందుకే మొదటి టపాకు సూటిగా సమాధానం చెబుతాను: ఆ 107 మంది పేర్లు మనకు తెలియవు కానీ అక్కడివాళ్లకు తెలుసు. విమాన బాధితుల పిల్లలు కొందరు కలిసి సంఘం పెట్టుకుని ఇప్పటికీ గట్టిగా మాట్లాడుతున్నారు. పర్యాటకులకు అమ్మే ఎస్కోబార్ బొమ్మల టోపీలు, కప్పులు నిషేధించాలని 2024లో కొలంబియా పార్లమెంటులో బిల్లు వచ్చింది. వినాలనుకుంటే వాళ్ల గొంతు వినబడుతుంది. మనం వెతికేది మాత్రం హంతకుడి ఇంటివాళ్లనే.

మొనాకో భవనం ఇప్పుడు లేదు. 2019 ఫిబ్రవరి 22న నగరపాలక సంస్థే పేల్చేసింది. ఆ జాగాలో స్మారక ఉద్యానం కట్టారు. అక్కడి గోడలో 46,612 చిన్న రంధ్రాలుంటాయి. 1983 నుంచి 1994 వరకు ఆ హింసలో పోయిన ఒక్కో ప్రాణానికి ఒకటి. నేను వెళ్లిన మధ్యాహ్నం అక్కడ పెద్దగా జనం లేరు. ఎస్కోబార్ సమాధి దగ్గర మాత్రం పర్యాటకుల వ్యానులు వరుసగా ఆగి ఉన్నాయి. ఇటాగుయిలోని శ్మశానవాటిక అది. పక్కనే అతని తల్లి సమాధి కూడా ఉంది.

ఇంకో సంగతి. నాతో పనిచేసిన ఒక పెద్దావిడ దగ్గర ఎస్కోబార్ పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. ఇళ్లు కట్టించి ఇచ్చాడని దణ్ణం పెట్టే మనుషులూ అదే ఊళ్లో ఉన్నారు. ఒకే బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వెళ్తారు.

మండువాలోగిలి
దూరదేశి గారూ, మీరు చెప్పినది నా వాదానికే బలం. సమాధి దగ్గర వ్యానులు, స్మారకం దగ్గర ఎవరూ లేరు. ఈ వ్యానుల వ్యాపారానికి కొడుకు ఉపన్యాసాలు కూడా తలా ఒక చేయి వేస్తున్నాయి.

అర్ధరాత్రి రైలు
వ్యానుల వ్యాపారం కొడుకుది కాదు, బాబాయిది! వాళ్లిద్దరికీ పడదు. రొబెర్తో ఎస్కోబార్ అని పాబ్లో అన్న, కుర్రవాడికి పెదనాన్న. ఒకప్పుడు సైకిలు పందేలవీరుడు, తర్వాత ముఠా లెక్కలు చూశాడు. 1993 డిసెంబరులో జైల్లో ఉండగా ఉత్తరంలో బాంబు పెట్టి పంపారు, చూపు దాదాపు పోయింది. విడుదలయ్యాక తమ్ముడు దాక్కున్న ఇంటినే పర్యాటకులకు చూపించి డబ్బు తీసుకునేవాడు.

పునుగుల బండి
బాబాయా, పెదనాన్నా? ఒక్క టపాలోనే వరస మారిపోయింది.

అర్ధరాత్రి రైలు
పాబ్లోకు అన్న కాబట్టి పెదనాన్న. చాలా?

ఆయన పేరు మీదే ఎస్కోబార్ ఇన్‌కార్పొరేటెడ్ అని ఒక కంపెనీ వెలిసింది. నెట్‌ఫ్లిక్స్‌ను వంద కోట్ల డాలర్లు కట్టమంది. మంటలు చిమ్మే యంత్రాలమ్మింది. మడతపెట్టే ఫోన్లమ్మింది. పాబ్లో ఎస్కోబార్ అనే పేరును ఐరోపా సమాఖ్యలో ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని 2021లో అడిగింది. 2024 ఏప్రిల్ 17న అక్కడి జనరల్ కోర్టు కుదరదంది. ఆ పేరు వినగానే స్పెయిన్ ప్రజలకు మాదకద్రవ్యాలూ హత్యలూ గుర్తొస్తాయి, పేదలకు చేసిన దానాలు కాదు, కాబట్టి ఇది సామాజిక నీతికి విరుద్ధమని తీర్పు. కోర్టులో నేరం రుజువు కాకుండానే చనిపోయాడు కాబట్టి నిర్దోషిగా భావించాలని కంపెనీ వాదించింది. అది కూడా కోర్టు ఒప్పుకోలేదు.

నల్లకోటు
ఆ తీర్పు చదివాను. నాకు నచ్చిన భాగం ఏమిటంటే, పేరు పెట్టుకుని బతకడాన్ని కోర్టు తప్పుపట్టలేదు. ఆ పేరుతో సరుకు అమ్ముకునే గుత్తహక్కు మాత్రం ఇవ్వనంది. మండువాలోగిలి గారి ప్రశ్నకు ఇంతకంటే దగ్గర గీత నాకు కనబడలేదు.

మండువాలోగిలి
అయితే చొక్కాలు గీతకు ఏ పక్కన?

నల్లకోటు
నన్నడిగితే తప్పు పక్కనే. వాటి మీద నీతివాక్యాలు రాసినా, కొలంబియాలో అమ్మకపోయినా.

లెక్కల మాస్టారు
చొక్కాలు నేనూ సమర్థించను. కానీ అతను చేసిన ఇంకో పని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. తండ్రి చంపించిన వాళ్ల పిల్లలకు ఉత్తరం రాశాడు. లారా బోనియా కొడుకు బ్యూనస్ ఎయిర్స్ దాకా వచ్చి కలిశాడు. 1989 ఆగస్టు 18న సోవాచా సభలో కాల్చి చంపిన అధ్యక్ష అభ్యర్థి లూయిస్ కార్లోస్ గలాన్ కొడుకులూ కలిశారు. 2009లో వచ్చిన డాక్యుమెంటరీలో అదంతా ఉంది. మనం పగ తీర్చుకునే కథలకు చప్పట్లు కొట్టి పెరిగినవాళ్లం. ఈ కుర్రవాళ్లు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ గలాన్ కొడుకుల్లో ఒకరు కార్లోస్ ఫెర్నాండో, 2024 జనవరి నుంచి బొగోటా మేయరు.

తుంగభద్ర
క్షమించడం వాళ్ల గొప్పతనం మాస్టారూ. ఇతని ఖాతాలో ఎందుకు వేస్తారు?

లెక్కల మాస్టారు
ఉత్తరం రాసిన ధైర్యం మాత్రమే ఇతని ఖాతాలో వేశాను. మిగతాదంతా వాళ్లదే.

శారదత్తయ్య
లారా కొడుకు వచ్చి కలిశాడంటే నాకు కన్నీళ్లు వచ్చాయి. నాకైతే చేతకాదు. మా తమ్ముడిని లారీతో గుద్ది పారిపోయినవాడి ఇంటివాళ్లు ఎదురుపడితే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతాను.

తుంగభద్ర
ఇంకొకటి. తండ్రిని పోలీసులు చంపలేదు, తనే కాల్చుకున్నాడని ఈయన వాదం. ఎప్పుడు మాట్లాడినా అదే. తండ్రి నేరాలన్నీ ఒప్పుకుంటాడు, చావు మాత్రం మగటిమితో జరగాలి. ఈ ఒక్క చోట కొడుకు బయటపడిపోతాడు.

అర్ధరాత్రి రైలు
బయటపడితే పడనివ్వండి. తండ్రిగా తనను ప్రేమించాడని కూడా ఏ మొహమాటమూ లేకుండా చెబుతాడు. ఒక సీరియల్లో 28 తప్పులున్నాయని 2016లో జాబితా రాసి పెట్టాడు. అందులో సగం ఇంటి సంగతులే. చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మనింట్లో అమ్మ ఎలా మాట్లాడేదో ఊళ్లోవాళ్లు తప్పుగా ఆడి చూపిస్తే ఊరుకుంటామా?

కాఫీ ఫిల్టరు
ఇప్పుడే చేరాను, అంతా చదవలేదు. కూతురు ఎక్కడుందిప్పుడు? చలికి వణుకుతుంటే తండ్రి ఇరవై లక్షల డాలర్ల నోట్లు కాల్చి వెచ్చబెట్టాడంటారే, ఆ పాప. ఫోటో ఏమైనా ఉందా?

శారదత్తయ్య
ఎందుకు నాయనా?

నిర్వాహకుడు
కాఫీ ఫిల్టరు గారూ, ఆవిడ పాత్రికేయుల ముందుకు రాకూడదని తనే నిర్ణయించుకున్నారు. ఆవిడ ఇప్పటి పేరు, ఊరు, ఫోటో ఏదీ ఇక్కడ పెట్టవద్దు. పెడితే తీసేస్తాను.

కాఫీ ఫిల్టరు
సరే. ఆసక్తి కొద్దీ అడిగాను.

దూరదేశి
అన్న మాట్లాడి, చెల్లెలు మాట్లాడకుండా ఉండటం కూడా ఈ చర్చకు సంబంధించిన విషయమే. ఒకే ఇంట్లో ఒకే నిప్పు నుంచి బయటపడ్డ ఇద్దరు రెండు దారులు పట్టారు. అన్నకు డబ్బూ పేరూ వచ్చాయి, తిట్లూ వచ్చాయి. చెల్లెలు కనబడకపోయినా మనుషులు ఫోటో అడుగుతూనే ఉన్నారు.

పునుగుల బండి
వాతావరణం బరువెక్కింది కాబట్టి నీటి ఏనుగుల సంగతి చెబుతాను. ఎస్కోబార్ కుటుంబంలో హాయిగా ఉన్నవి అవే. 1980ల మొదట్లో తన ఎస్టేటు హసియెండా నాపోలెస్‌లో నాలుగింటిని తెచ్చి పెట్టుకున్నాడు. జిరాఫీలూ ఏనుగులూ జంతుప్రదర్శనశాలలకు పోయాయి. వీటిని మోయలేక వదిలేశారు. మగ్దలేనా నది వెంబడి ఇప్పుడు 150 దాటాయి. 2022లో ప్రభుత్వం హానికర జాతిగా ప్రకటించింది. 2023లో అరవైని మన గుజరాత్‌కు పంపుతామని ప్రకటించారు. వారసుల్లో మన దేశానికి పిలుపు వచ్చింది వాటికే!

లెక్కల మాస్టారు
అమెరికా కోర్టు ఒకటి 2021లో వాటిని వ్యాజ్యంలో ఆసక్తి గల వ్యక్తులుగా గుర్తించింది. భార్యాపిల్లలను వ్యక్తులుగా చూడటానికి దేశాలకు దేశాలే ముందుకు రాలేదు.

పునుగుల బండి
మాస్టారూ, నవ్వించడానికి పెడితే మళ్లీ ఏడిపిస్తారు మీరు.

తుంగభద్ర
ఎస్కోబార్ ఇంటినే ఎందుకు పట్టుకున్నాం? కాలి ముఠా నడిపిన అన్నదమ్ములను చూడండి, వాళ్లు తెలివైనవాళ్లు. గిల్బెర్తో, మిగెల్ రోడ్రిగెస్ ఒరెహువేలాలు 2006లో మయామీ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. చెరి 30 ఏళ్ల శిక్ష. 210 కోట్ల డాలర్ల ఆస్తి వదులుకోవడానికి అంగీకరించారు. బదులుగా పాతికమందికి పైగా బంధువుల మీద కేసులు పెట్టకూడదని, అమెరికా ఆంక్షల జాబితాలోంచి పేర్లు తీసేయాలని ఒప్పందం. ముసలివాళ్లు జైలుకు పోయి కుటుంబాన్ని బయటపడేశారు. గిల్బెర్తో 2022లో జైల్లోనే పోయాడు. ఎస్కోబార్ ఏం చేశాడు? తను పారిపోతూ పెళ్లాం పిల్లలను హోటల్లో ఎర చేశాడు.

అర్ధరాత్రి రైలు
ఎర చేసింది ప్రభుత్వం. అయినా మీ మాటలో నిజముంది. మెక్సికోలోనూ అదే బాట. అక్కడి ముఠా నాయకుడు ఎల్ చాపో కొడుకు ఒవిదియో 2025 జులైలో చికాగోలో నేరం ఒప్పుకున్నాడు. అంతకు రెండు నెలల ముందే ఆ కుటుంబం నుంచి 17 మంది సరిహద్దు దాటి అమెరికా అధికారుల చేతికి వెళ్లారు. ఎల్ చాపో భార్య ఎమ్మా కొరొనెల్ మూడేళ్ల శిక్ష పడి, 2023లో బయటికొచ్చి, మర్నాటేడు మిలాన్‌లో ఫ్యాషన్ ప్రదర్శనలో నడిచింది. కూతుళ్లలో ఒకరు 701 అంకె వేసిన బట్టలూ మద్యమూ అమ్మింది. 2009లో ఫోర్బ్స్ సంపన్నుల జాబితాలో నాన్నగారి స్థానం అది.

మండువాలోగిలి
ఇదిగో, ఇదే నేను అంటున్నది. ఒకరు పేరుతో నీతి అమ్ముతారు, ఒకరు మద్యం అమ్ముతారు. దుకాణం ఒకటే.

లెక్కల మాస్టారు
దుకాణం ఒకటి కాదండీ. కొలంబియా కొకైన్ వ్యాపారి గ్రిసెల్డా బ్లాంకో నలుగురు కొడుకుల్లో ముగ్గురు హతమయ్యారు. ఆమెనూ 2012లో మెడెలిన్‌లో మాంసం కొట్టు దగ్గర కాల్చేశారు. ఆ వ్యాపారం చేసే కొడుకులకు అదే గతి. ఆ లెక్కన మైకు పట్టుకుని వద్దని చెప్పే కొడుకు మీద మీ కోపం కాస్త ఎక్కువే.

తుంగభద్ర
అర్జెంటీనాలో 2018లో తల్లీకొడుకుల మీద మళ్లీ డబ్బు చలామణీ కేసు పెట్టారు. ఒక కొలంబియా స్మగ్లరుకు వ్యాపారాలు పరిచయం చేసి దళారీ సొమ్ము పుచ్చుకున్నారని ఆరోపణ. వాళ్లు కాదన్నారు. ఇది కూడా మైకులో చెబుతాడా?

లెక్కల మాస్టారు
ఆరోపణను ఆరోపణగానే ఉంచుదాం.

పేరు వద్దు
ఎప్పుడూ చదవడమే కానీ రాయలేదు. మాది ఏజెన్సీ పక్క ఊరు. మా అక్క భర్త రెండేళ్ల కిందట గంజాయి లోడుతో దొరికాడు. వ్యాను నడిపేది ఆయనే. ఆయన ఎస్కోబార్ కాదు, చిన్న మనిషి. కానీ పత్రికలో ఫోటో పడింది. అక్క అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పిల్లలను బడిలో అదే పేరుతో పిలుస్తారు, నేనది ఇక్కడ రాయను. ఊరు మారారు. అద్దెకు ఇల్లు అడిగితే ఆయన ఏం చేస్తారని అడుగుతారు. గల్ఫ్‌లో ఉన్నాడని చెప్పమన్నాను. పెద్దపిల్ల చెప్పనంది. అబద్ధం చెప్పాక అది ఎప్పుడు బయటపడుతుందోనని రోజూ భయపడటం కంటే ఇదే నయమంటుంది. దానికి పదమూడేళ్లు.

ఇప్పుడు ఆయనకు పదేళ్ల శిక్ష పడింది. అక్క పేరు మీద రెండు గదుల ఇల్లుంది. దాన్ని కూడా జప్తు చేస్తారని ఊళ్లో ఎవరో అన్నారట. నిద్ర లేదు. నల్లకోటు గారూ, నిజమేనా?

శారదత్తయ్య
అమ్మా, ఆ పెద్దపిల్లకు నా ఆశీస్సులు చెప్పు. పిల్ల సరిగ్గానే అంది.

తుంగభద్ర
పేరు వద్దు గారూ, మాకు ఒక పోర్షను ఖాళీగా ఉంది, కర్నూలులో. దూరమే. కానీ మేము ఏ ప్రశ్నా వేయము. అవసరమైతే ఇక్కడి సందేశాల పెట్టెలో రాయండి.

మండువాలోగిలి
ఇప్పటిదాకా వాదించినవాడివి నువ్వేనా తుంగభద్రా?

తుంగభద్ర
అది వేరు, ఇది వేరు. పుస్తకాలు అమ్మేవాడికి అద్దెకివ్వను.

నల్లకోటు
పేరు వద్దు గారూ, కాగితాలు చూడకుండా ఖాయంగా చెప్పలేను. చట్టం ఏమంటుందో చెబుతాను.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 1989లో 5-ఎ అధ్యాయం చేర్చారు. పదేళ్లు, ఆపైన శిక్ష పడే నేరం రుజువైనవాడికే కాక అతని బంధువులకూ అది వర్తిస్తుంది. భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, భార్య తోబుట్టువులు కూడా అందులోకి వస్తారు. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే పదేళ్లకు తక్కువ కాదు. కాబట్టి మీ ఊరివాళ్లు అన్నది పూర్తిగా పుకారు కాదు.

కానీ జప్తు చేయగలిగేది అక్రమంగా సంపాదించిన ఆస్తినే. బంధువు పేరు మీద ఉన్నంత మాత్రాన పోదు. ముందు నోటీసు రావాలి, జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలి. చిక్కేమిటంటే, ఆ ఆస్తి సక్రమమేనని నిరూపించే భారం మీ అక్క మీదే ఉంటుంది. ఆయన అరెస్టుకు ఆరేళ్ల కంటే ముందు కొన్నదైతే ఈ అధ్యాయం కింద జప్తు కుదరదు. అందుకే అన్నిటికంటే ముందు రిజిస్ట్రేషను తేదీ చూడండి. ఆ తర్వాత అప్పు తీసుకుని ఉంటే బ్యాంకు కాగితాలు, అక్క జీతం పడిన పాసుపుస్తకం, పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బుకు ఏదైనా ఆధారం. నోటీసు వస్తే గడువు దాటనివ్వకండి. భయపడి ఇల్లు తమ్ముడి పేరుకో మరిది పేరుకో మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, అది మాత్రం చేయవద్దు. కొత్త అనుమానం పుడుతుంది. వకీలు ఫీజు ఇవ్వలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

పేరు వద్దు
ఆ ఇల్లు పెద్దపిల్ల పుట్టిన ఏడాది కొన్నది. స్వయం సహాయక సంఘం అప్పుతో కొన్నారు. అంటే ఆరేళ్లు ఎప్పుడో దాటింది కదా?

నల్లకోటు
దాటింది. ఆ సంఘం తీర్మానం నకలు, అప్పు కట్టిన రసీదులు దొరికితే ఇంకా మంచిది. మధ్యలో పైఅంతస్తు లాంటిదేమైనా కట్టారా?

పేరు వద్దు
లేదండీ. రేకులు మార్చారు, అంతే. తుంగభద్ర గారూ, సందేశం పెట్టాను.